మీ శకుంతలకు చేను లేదా?



ముప్పైనాలుగేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఆ కాలమంతటా జింకను గూర్చి తరగతిలో పలికిన మెత్తని మాటలకు లెక్క లేదు. శకుంతల కొంగు పట్టి వెనుకకు లాగిన లేడిపిల్లను గూర్చి చెప్పినాను. లేడికూన మీది మమకారం విడువలేక మరుజన్మలో లేడియై పుట్టిన భరతుని కథను భాగవతం నుండి చెప్పినాను. హరిణం, కురంగం, ఏణం, సారంగం అని పర్యాయపదాలు వల్లె వేయించినాను. ఇర్రి అంటే మగది, లేడి అంటే ఆడది అని పరీక్షలో ప్రశ్న కూడా ఇచ్చినాను.

ఒకనాడు శాకుంతల కథ సాగుతుండగా వెనుక బల్ల మీద ఒక పిల్లవాడు నిద్రపోతున్నాడు. నల్లమల అంచున ఉన్న పల్లె నుండి నడిచి వచ్చేవాడు. లేపి గద్దించినాను.

"రాత్రంతా మంచె మీదే ఉన్నా సార్. కందిచేలో దుప్పులు పడతన్నాయి" అన్నాడు.

ఆశ్రమ మృగాలను అట్లా అదలించవచ్చునా అని నేను హాస్యమాడినాను. వాడు నవ్వలేదు. "మీ శకుంతలకు చేను లేదా సార్?" అన్నాడు. తరగతి ఘొల్లుమన్నది. నాకు రోషం వచ్చింది. గంట కొట్టేదాకా వాణ్ణి నిలబెట్టినాను.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాణ్ణి శిక్ష వేసినాను. ఇది నా మనస్సులో ముల్లువలె ఉండిపోయింది.

ఉద్యోగ విరమణ తరువాత మార్కాపురానికీ దోర్నాలకూ నడుమ ఉన్న మా ఊరికి చేరినాను. సేద్యం మా తమ్ముడిది. ఒక కార్తిక మాసపు రాత్రి వానికి తోడుగా మంచె ఎక్కినాను. చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. గాలికి అవి కదిలితే మనిషి అనుకొని మృగం బెదురుతుందని ఆశ. నాలుగు రోజులకే వాటికి ఆ మర్మం తెలిసిపోతుందట. రెండు గంటల వేళ తమ్ముడు టార్చి వేసినాడు. పూత మీద ఉన్న కందిలో ఇరవై దాకా కళ్ల జతలు మెరిసినాయి. ఒక్క క్షణం ఒళ్లు పులకరించిన మాట నిజం. మరుక్షణం నేనే రేకు డబ్బా అందుకొని గొంతు చించుకొని అరిచినాను.

"ఏందన్నా, పద్యం చదవలా?" అని తమ్ముడు నవ్వినాడు.

మా దిక్కున దిగేవి ముఖ్యంగా చుక్కల దుప్పులు, కణితులు. వీటి మగవాటికి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక వేరు జాతి; దాని మెలికల కొమ్ములు రాలవు. ఇన్నేళ్లు అన్నింటినీ ఒకే పర్యాయపదాల గాట కట్టినవాణ్ణి నేను! నాగార్జునసాగర్-శ్రీశైలం అరణ్యం 1978లో అభయారణ్యమైంది, 1983లో పులుల రక్షణ పథకంలో చేరింది. లోపల పులి, చిరుత, రేసుకుక్క దుప్పిని తిని సమతూకం కాపాడుతాయి. అడవి అంచున ఆ భయం తక్కువ, లేత పంట ఎక్కువ. వేసవిలో అటవీ శాఖవారు సాసర్ పిట్లలో ట్యాంకర్లతో నీరు నింపినా, చెలమలు ఎండినప్పుడు కొన్ని ఊళ్లవైపు వస్తాయి. కొన్ని ఊరకుక్కల నోట పడతాయి.

ఇది మా ఒక్కరి బాధ కాదు. నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడును 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేసినారు. పక్షి అరుదైపోయింది, కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల శనగ, జొన్న చేలలో పడినాయి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి కనుక రైతు దానిపై చేయి ఎత్తలేడు.

అమెరికాలో మా అమ్మాయి ఇంటి పెరటిలో చిక్కుడు పాదు మొదలంటా తిన్న జింకలను కూడా చూసినాను. అక్కడి శివారు ఊళ్లలో తోడేళ్లు ఏనాడో పోయినాయి. జింకలు పెచ్చుపెరిగి తోటలనే కాక, రోడ్ల మీద కార్లనూ దెబ్బతీస్తున్నాయి. న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ వారు 2001లో గురికాండ్రను నియమించి కాల్పించినారు. న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలండ్‌లో 1993 నుండి సంతాన నిరోధక మందును సూదుల ద్వారా ఇచ్చి చూసినారు. మన దేశంలో 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టర్‌తో తోలి, గరాటు వంటి దడిలోకి మళ్లించి, వందల కృష్ణజింకలను పొలాల నుండి అడవులకు తరలించినారు. దీనిని బోమా పద్ధతి అంటారు. మైదానంలో కుదిరిన ఈ ఉపాయం నల్లమల కొండవాలులో కుదురుతుందని నాకు తోచదు. పులికి ఆహారమైన దుప్పిని ఇక్కడ తగ్గించడమూ తగదు. మాకు కావలసినది గట్టి కంచె, అడవిలోపల నీరు, పంటకాలం దాటకముందే అందే పరిహారం.

పోయిన ఏడు పరిహారం కోసం అర్జీ పెట్టినాము. చూచిపోవడానికి మనిషి వచ్చేసరికి తమ్ముడు మోళ్లు దున్నేసినాడు. ఆ రాత్రి ఎవరో కరెంటు తీగ లాగమని సలహా ఇచ్చినారు. తమ్ముడు నావైపు చూసినాడు. ఆ తీగకు దుప్పికీ మనిషికీ భేదం తెలియదని, పక్క చేనివాని కొడుకు రాత్రిళ్లు నీరు కట్టడానికి ఆ గట్టు మీదనే నడుస్తాడని అన్నాను. తీగ లాగలేదు. కాని, "మరి నన్నేం చెయ్యమంటావన్నా?" అన్న వాని మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది.

మొన్న మార్కాపురం బస్టాండులో ఆనాటి శిష్యుడు కనిపించి నమస్కరించినాడు. వానికీ తల నెరిసింది. ఆనాడు నిలబెట్టినందుకు మన్నించమన్నాను. గుర్తున్నదో లేదో, నవ్వి ఊరుకున్నాడు.

"ఈ ఏడు మీ కంది ఎట్టా ఉంది సార్?" అన్నాడు.

మీ ప్రాంతాలలో దీనికి ఏ ఉపాయం ఫలించినదో తెలిసినవారు దయచేసి వ్రాయగలరు. మా తమ్మునికి చదివి వినిపిస్తాను.