చాందానుంచి పిస్‌దురాకు

చాందా అనగానే మనవారికి మహాకాళి జాతర, బల్లార్షా స్టేషను, బొగ్గుగనులు గుర్తుకు వస్తాయి. 1964 ప్రాంతంలో ఊరిపేరు చంద్రపూర్ అయినా, ఆదిలాబాదు పెద్దలకు అది ఇప్పటికీ చాందాయే. గోండురాజుల కోటగోడ, జట్‌పురా దర్వాజా చూచి చాలామంది తిరుగురైలు ఎక్కేస్తారు. మేము మాత్రం యీసారి పిల్లాపెద్దా కలిసి నాగపూరు రోడ్డుపట్టి, వరోరా దాటి, పిస్‌దురా అనే చిన్నపల్లెకు వెళ్ళాము.

దారిలో నేల రంగు మారడం చూడవలసిందే. చాందా అడుగున పాతిక కోట్ల యేళ్ళకు పైబడిన బొగ్గుపొరలున్నవి. పడమటికి పోనుపోను నల్లరేగడి, పత్తిచేలు. శాస్త్రజ్ఞులు యీ నేలకు వాడే ‘రేగర్’ అన్న మాట మన రేగడినుంచి పుట్టినదే. ఆ రేగడి లావారాయి చివికి ఏర్పడిన మట్టి. సుమారు 6 కోట్ల 60 లక్షల యేళ్ళ క్రిందట దక్కనులో నేల నెర్రెలు విచ్చి లావా పొర్లింది. ఆగుతూ, మళ్ళీ పొర్లుతూ, అందులో ఎక్కువభాగం పదిలక్షల యేళ్ళలోపే పేరుకొన్నది. పడమటి కనుమలలో రెండు కిలోమీటర్లకు మించిన ఆ మందం, చాందా చేరువకు వచ్చేసరికి పలచబడి అంచు తేలుతుంది. ఇప్పటికి మిగిలినదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు.

ఆ అంచునే పిస్‌దురా వున్నది. లావా క్రింది మట్టిపొర అక్కడ పైకి తేలింది. చేలగట్ల దగ్గర గుండ్రని, బొద్దుపాటి రాళ్ళు చూపించి, ఇవి రాక్షసిబల్లుల పేడ రాయిగా మారినవి అని చెప్పగానే, మాతో వచ్చిన పెద్దమ్మగారు, “పేడ చూడడానికా నాయనా, యింతదూరం తీసుకొచ్చారు?” అన్నారు. పిల్లలు పడిపడి నవ్వారు. కాని ఆ పేడలో ఏముందో విన్నాక ఆమే వంగి చూశారు. 2005లో శాస్త్రజ్ఞులు వీటిలో గడ్డిజాతుల సూక్ష్మమైన ఇసుకరేణువులను కనుగొన్నారు. అంతవరకు గడ్డి రాక్షసిబల్లుల తరువాతే వ్యాపించిందని అందరూ అనుకొనేవారు. 2011లో వాటిలో వరికి దగ్గరి చుట్టాలను కూడా గుర్తించారు. అన్నం తినే జాతివాళ్ళం, ఆ రాళ్ళను తేలికగా చూడగలమా?

ఆ జంతువులు అంతరించడానికి యీ లావావాయువులు కారణమా, మెక్సికోవద్ద పడిన మహోల్క కారణమా అన్న తగవు వుంది. రెండూ ఇంచుమించు ఒకే కాలానివి. ఉల్కదే పెద్దచెయ్యి అని ఎక్కువమంది అంటారు. ఇంకో చిత్రం చెప్పాలి. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీలలో తీసే నల్లరాయి కూడా యీ దక్కను లావాయేనట. పాత నదీలోయలవెంట వెయ్యి కిలోమీటర్లు పారి సముద్రంవైపు వచ్చిందని భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. దక్కను లావా లేతపాకంవంటిది. గాలి సులువుగా వదిలి, పారుతుంది. మహావిస్ఫోటనాలు ముదురుపాకంతో వస్తాయి. భూమి పైపెంకులో కొద్ది కిలోమీటర్ల లోతున, ఇసుకపాలు హెచ్చిన చిక్కటి శిలాద్రవం వేలయేళ్ళు పేరుకొంటుంది. ఆవిరి, వాయువులు బయటపడలేక బిగుసుకొంటాయి. చివరకు పైకప్పు చుట్టూ పగిలి, మొత్తంగా లోపలికి కూలుతుంది. ఆ బరువుకు ద్రవం బూడిదై, నురగరాయై ఆకాశానికి ఎగజిమ్ముతుంది. వెయ్యి ఘనకిలోమీటర్లు మించి కక్కితేనే దానిని మహావిస్ఫోటనం అంటారు. కూలినచోట పెద్ద పళ్ళెంలాంటి పల్లం మిగులుతుంది. సుమత్రాలోని తోబా సరస్సు అటువంటిదే. పొడవు 100 కిలోమీటర్లు, వెడల్పు 30. గంధకవాయువు పైకిపోయి సన్నని తుంపరై ఎండను అడ్డగిస్తుంది. ఇంతకంటే ఎంతో చిన్నదైన తంబోరా 1815లో ప్రేలితేనే, మరుసటేడు ఐరోపాలో వేసవి లేకుండాపోయి పంటలు పాడైనవి.

తోబా ప్రేలి సుమారు 74 వేల యేళ్ళు. ఆ బూడిద 2,600 కిలోమీటర్లు దాటి మన సీమలో పడ్డది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో (కర్నూలు జిల్లాలోది, 2022నుంచి నంద్యాల జిల్లా) రెండున్నర మీటర్ల మందం తెల్లని బూడిద వున్నది. ఆకాశంనుంచి పడినది కొద్ది అంగుళాలే. వానలకు కొట్టుకొచ్చి లోయలో చేరింది. ఊరిపేరు మాత్రం కాకతాళీయమే! ఆ పొర క్రిందా, పైనా కూడా మనుషులు చెక్కిన రాతిపనిముట్లు దొరికినట్లు 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంటే ఆ చీకటిరోజుల తర్వాత కూడా జుర్రేరు లోయలో బ్రతుకు సాగిందన్నమాట. పైవారు క్రిందివారి సంతతేనా, కొత్తగా వచ్చినవారా అన్నదానిమీద పండితులలో ఇంకా వాదం నడుస్తున్నది. మాకైతే ఎవరో కొందరు మిగిలే వుంటారనిపిస్తుంది.

ఆ బూడిదను తవ్వి, గిన్నెలుతోమే పొడులకు తరలిస్తూవచ్చారు. పిస్‌దురాలో కూడా పేడరాళ్ళు జ్ఞాపకానికని సంచులలో వేసుకుపోయేవారికి కొరతలేదు. మా పిల్లలు జేబులో వేసుకొన్నవాటిని పెద్దమ్మగారే తీయించి, దొరికిన గట్టునే పెట్టించారు. వచ్చే సంక్రాంతి సెలవులకు జ్వాలాపురం వెళదామని అనుకొన్నాము; నంద్యాల మీదుగా వెళితే దగ్గర, యాగంటి కూడా ప్రక్కనే.