వినేవాళ్ళ విశ్వవిద్యాలయం

గోదావరి జిల్లాలకు సొంతంగా ఒక విశ్వవిద్యాలయం వచ్చింది 2006లో. దానికి ఆదికవి నన్నయ పేరు పెట్టి, రాజమండ్రి అవతల రాజానగరం దగ్గర, జాతీయ రహదారి పక్కన కట్టారు. ఉపన్యాసాలంటే చెవి కోసుకోవడం మాత్రం ఇక్కడివాళ్ళకు అంతకు నూట పాతికేళ్ళ ముందే అలవడింది. పట్టాలిచ్చే సంస్థ ఆలస్యంగా వచ్చిందే గాని, సాయంత్రం పూట నలుగురూ చేరి ఒకరు చెప్పింది వినడం, విన్నదాని మీద ఇంటి గుమ్మం దాకా వాదించుకోవడం ఈ ఊళ్ళలో ఎప్పుడూ ఆగలేదు.

ఈ వినికిడికి మూలాలు కాలేజీల కన్నా పాతవి. గుడి మంటపంలో పురాణ కాలక్షేపం, చలవ పందిట్లో హరికథ వింటూ పెరిగినవాళ్ళకి రెండు గంటలు కదలకుండా కూర్చోవడం ఓ లెక్క కాదు. అక్షరం ముక్క రానివాడికీ భారతంలో ఏ ఘట్టం తర్వాత ఏది వస్తుందో తెలుసు. పౌరాణికుడు ఎక్కడైనా తడబడితే అందించేవాడు సభలోనే ఉంటాడు.

అవధానం దగ్గరికొచ్చేసరికి ఈ శ్రోతకి ఏకంగా వేదిక మీదే చోటిచ్చారు. అష్టావధానంలో సమస్య ఇచ్చేవారు, దత్తపది ఇచ్చేవారు, నిషిద్ధాక్షరితో ఇరుకున పెట్టేవారు ఒక ఎత్తు. అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి ఒక్కడే ఒక ఎత్తు. అవధాని గంభీరంగా పద్యం కడుతుంటే మధ్యలో దూరి, “అవధానిగారూ, ఇంతకీ మీ ఊళ్ళో వంకాయలు ఎలా అమ్ముతున్నారండీ?” అన్న ధోరణిలో అడ్డు తగలడమే ఆయన ఉద్యోగం. గోదావరి వెటకారానికి ఇంతకన్నా అధికారికమైన హోదా మరెక్కడా దొరకదు. అవధానాన్ని ఊరూరా తిప్పి రాజాస్థానాల నుంచి జనంలోకి తెచ్చిన తిరుపతి వెంకట కవులిద్దరూ ఈ సీమవారే. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు పుట్టింది కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు యండగండిలో. పండితుణ్ణి ప్రశ్నించడం అమర్యాద కాదని, అదీ సభలో ఒక భాగమేనని ఈ జనానికి అలవాటు చేసినవాళ్ళలో వాళ్ళు ముందుంటారు. ఇప్పటి సెమినార్లలో లేనిది ఈ అప్రస్తుత ప్రసంగి ఒక్కడే అనిపిస్తుంది అప్పుడప్పుడు.

కొత్త రకం ఉపన్యాసం మాత్రం వీరేశలింగం పంతులుగారితో ఊపందుకుంది. రాజమండ్రిలో ప్రభుత్వ కళాశాల 1853లో జిల్లా పాఠశాలగా మొదలై, 1870లలో కాలేజీ స్థాయికి ఎదిగింది. అక్కడ తెలుగు పండితుడిగా ఉంటూనే పంతులుగారు 1879 ఆగస్టులో వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనంటూ బహిరంగ ఉపన్యాసం ఇచ్చారు. ఊరు ఊరంతా అట్టుడికింది. పండితులు ఖండనలకు దిగారు. వాళ్ళ ఆక్షేపణలన్నిటికీ జవాబు చెబుతూ అక్టోబరులో ఆయన రెండో ఉపన్యాసం ఇచ్చారు.

ఇంతవరకూ అయితే అదొక పండిత చర్చగా పుస్తకాల్లో మిగిలిపోయేది. చెప్పుకోవలసింది ఆ తర్వాత జరిగిన సంగతి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారి ఇంట తొలి వితంతు వివాహం జరిగింది. వెళ్ళినవాళ్ళకి వెలి తప్పదన్నారు. పురోహితులు జంకారు, వంటవాళ్ళు మొహం చాటేశారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో నిలబడ్డారు. పందిరి చుట్టూ నిలబడింది, ఊరేగింపుకి కాపలా కాసింది కాలేజీ కుర్రాళ్ళు. రెండేళ్ళ కిందట బల్లల మీద కూర్చుని ఉపన్యాసం విన్నవాళ్ళు ఇప్పుడు పెళ్ళిపెద్దలయ్యారు. ఇళ్ళలో తిట్లు తిన్నారు, చుట్టాల ఇళ్ళలో పంక్తి భోజనం పోగొట్టుకున్నారు. ఇందులో ఏ ఒక్కటీ పరీక్షకు వచ్చే పాఠం కాదు.

అలా సభలు పెట్టి పెట్టి, ఊరికి ఒక స్థిరమైన చోటు ఉండాలని పంతులుగారే పూనుకుని 1890లో టౌన్‌హాలు కట్టించారు. ఓ బడిపంతులు పూనికతో అన్ని పక్షాలవాళ్ళూ వచ్చి పోట్లాడుకోవడానికి ఒక హాలు లేవడం చిన్న విషయం కాదు. కులానికో కల్యాణ మంటపం ఉన్న ఈ రోజుల్లో అయితే మరీను.

ఇంచుమించు ఆ దశాబ్దాల్లోనే ఇంగ్లండులోనూ ఇలాంటి ప్రయత్నమే ఒకటి జరిగింది. జేమ్స్ స్టూవర్ట్ అనే కేంబ్రిడ్జి అధ్యాపకుడు 1867లో ఉత్తరాది పట్టణాల్లో ఆడవాళ్ళకి, క్రూ ఊళ్ళో రైల్వే కార్మికులకి ఉపన్యాసాలివ్వడం మొదలుపెట్టాడు. 1873లో ఆ పనిని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అధికారికంగా చేపట్టింది. మన విశ్వవిద్యాలయాలు విస్తరణోపన్యాసం అని పిలుచుకునేదానికి పుట్టుక అదే. రాచ్‌డేల్‌లో ఆయన ఒకసారి పాఠం బొమ్మల్ని గోడకే వదిలేసి వెళ్ళాడట. మళ్ళీ వచ్చేసరికి కార్మికులు వాటిని చూసి చూసి ప్రశ్నలు పోగేసుకుని ఉన్నారు. ఉపన్యాసానికి ముందో వెనకో ప్రశ్నల కోసం విడిగా కొంత సమయం పెట్టాలన్న ఆలోచన ఆయనకు అక్కణ్ణుంచే వచ్చింది. అక్కడ విశ్వవిద్యాలయం బయలుదేరి ఊళ్ళోకి వచ్చింది. ఇక్కడ ఊరికి విశ్వవిద్యాలయమే లేదు. ఒక పండితుడు, ఒక హాలు, కొందరు కుర్రాళ్ళు కలిసి ఆ లోటు పూడ్చుకోవలసి వచ్చింది.

1907 ఏప్రిల్‌లో రాజమండ్రికి ఆ హాలూ చాలలేదు, కాలేజీ గోడలూ ఆపలేకపోయాయి.

బెంగాల్ విభజన మీద దేశం రగులుతున్న రోజులు. బందరు నుంచి ముట్నూరి కృష్ణారావుగారు పూనుకుని బిపిన్ చంద్రపాల్‌ని ఆంధ్రదేశమంతా తిప్పారు. రాజమండ్రిలో పాల్ వరసగా కొన్ని రోజులు మాట్లాడారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషులో. వినడానికొచ్చినవాళ్ళలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఏ కొద్దిమందో. ఆ సభల్లో పాల్ పక్కన నిలబడి తెలుగు చేసింది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. అప్పటికే ఆయన గయోపాఖ్యానం నాటకంతో పేరుపడ్డ మనిషి. చిన్నప్పటి నుంచీ రేచీకటి, రాత్రిపూట పుస్తకం పట్టుకోలేరు. చదివి నేర్చుకున్నదాని కన్నా విని నిలుపుకున్నది ఎక్కువ కావడం ఆయనకు అలవాటే. పాల్ ఉపన్యాస ధార పేరు మోసినది. దాన్ని చెవిన పట్టి, సారం జారకుండా, రాజమండ్రి వాళ్ళకి అర్థమయ్యే తెలుగులో దించాలి. మైకుల్లేని కాలం, గొంతే ఆధారం.

ఆ తెలుగు సేత చివర్లో చిలకమర్తివారు ఆశువుగా చెప్పిన పద్యం ఇవాళ్టికీ తెలుగువాళ్ళకి కంఠతా ఉంది. దేశం పాడియావు, బిడ్డలు లేగదూడలు, పాలు పిండుకుపోతున్నది తెల్లదొరలు. చెప్పిన ఉపన్యాసకుడి వాక్యాలు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. పక్కన నిలబడ్డాయన చెప్పిన నాలుగు పాదాలు నిలిచాయి. ఉపన్యాసకులు అహంకారం తగ్గించుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అసలు దెబ్బ తగిలింది ట్రెయినింగ్ కాలేజీలో. రేపు బడిపంతుళ్ళు కావలసిన విద్యార్థులు పాల్ సభలకి వెళ్ళారు. మర్నాడు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకి వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కన్నెర్ర చేశాడు. విద్యార్థులు తగ్గలేదు. వాళ్ళకి ముందు నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుని కాలేజీ నుంచి బహిష్కరించి, సర్కారు కొలువుకి దారి మూసేశారు. కర్నూలు ప్రాంతం నుంచి వచ్చి, ఎం.ఏ. చదివి, ఉపాధ్యాయుడు కావాలని రాజమండ్రి చేరిన కుర్రవాడు ఒక ఉపన్యాసం విన్నందుకు ఆ చదువు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపి జైలుకి వెళ్ళాడు.

అయినా పాఠం చెప్పడం మానలేదు ఆయన. తర్వాత తర్వాత గ్రంథాలయోద్యమంలోకి, వయోజన విద్యలోకి దిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఏళ్ళ తరబడి పెద్దదిక్కుగా నిలబడ్డారు. సర్కారు ఆయనకి ఒక తరగతి గది ఇవ్వనంటే, ఊరూరా ఉన్న గ్రంథాలయాల్ని తరగతి గదులు చేసుకున్నారు. మార్క్ హంటర్ ఒక టీచర్ని తీసేశాననుకున్నాడు గాని, లెక్క వేరేగా తేలింది.

కాకినాడది ఇంకో తరహా. అక్కడ పిఠాపురం రాజావారి కాలేజీకి 1904 నుంచి 1919 వరకు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాల్. తెల్లని దుస్తులు, తెల్లని తలపాగా, నియమాల మనిషి. ఆయన బోధ తరగతిలో ఎంత సాగేదో, బ్రహ్మమందిరంలో, బహిరంగ సభల్లో అంత సాగేది. భోగం మేళాలకు వ్యతిరేకంగా, అంటరానితనానికి వ్యతిరేకంగా ఆయన మాట్లాడుతుంటే వినిపోయినవాళ్ళు తలో దారీ పట్టారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆ కాలేజీ వాడే, చలమూ ఆ కాలేజీ వాడే. ఒకే గురువు నీతిబోధలు విన్న ఆ ఇద్దరూ ఏయే తీరాలకు చేరారో తెలుగు పాఠకుడికి చెప్పనక్కర్లేదు. నాయుడుగారికి చలం రచనలు ఎంతవరకు రుచించేవో ఊహించుకోవడం సరదాగా ఉంటుంది. శ్రోత అన్నవాడు చెప్పినవాడి చేతిలో ఉండడు మరి.

అదే కాకినాడలో 1921లో గాంధీగారు వచ్చినప్పుడు పన్నెండేళ్ళ దుర్గాబాయి దేవదాసీలకూ, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలకూ ఆయనతో విడిగా సభ కావాలని పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి పోగు చేస్తే పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు స్థానిక పెద్దలు. దేవదాసీలే ముందుకొచ్చి ఇచ్చారు, నిధి పోగయింది. ఆ సభలో గాంధీగారి హిందీని తెలుగులో చెప్పింది ఆ పిల్లే. అంతకు ముందు ఆయన ప్రసంగాల్ని అనువదిస్తున్నది కొండా వెంకటప్పయ్యగారంతటి నాయకుడు. దుర్గాబాయి మాట విన్న గాంధీగారు, తర్వాతి సభలోనూ ఆ పిల్లే చెప్పాలన్నారు. రాజమండ్రిలో పుట్టి, బడి చదువు మధ్యలోనే మానేసిన ఆ అమ్మాయి తర్వాత లాయరై, రాజ్యాంగ సభలో కూర్చుంది.

విశ్వవిద్యాలయం విషయానికొస్తే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై వాల్తేరుకు చేరింది. గోదావరికి దక్కలేదు. అయితే 1931లో దాని పగ్గాలు పట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్, అంతకు పద్నాలుగేళ్ళ ముందు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పిన మనిషి. ఆయన హయాంలోనే, 1933 డిసెంబరులో, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరిట ఏర్పాటైన నిధి తరఫున రవీంద్రనాథ్ టాగూర్ వాల్తేరులో మనిషి అన్న అంశం మీద ప్రసంగించారు. అంతకు మూడేళ్ళ ముందు ఆక్స్‌ఫర్డులో హిబ్బర్ట్ ఉపన్యాసాలిచ్చిన కవి ఆయన. ధర్మనిధి ఉపన్యాసం అన్న సంప్రదాయానికి మన దగ్గర అంతకన్నా ఘనమైన ఆరంభం దొరకడం కష్టం.

ఆ సంప్రదాయం ఇప్పుడేమైందో చూడాలంటే ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఒక జాతీయ సదస్సుకి వెళ్ళి కూర్చుంటే చాలు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, వేదిక మీద పదకొండుమంది, ఒక్కొక్కరికి శాలువా. “సమయాభావం వల్ల రెండే మాటలు చెప్పి ముగిస్తాను” అని మొదలుపెట్టి నలభై నిమిషాలు లాగే అధ్యక్షులవారు. కీలకోపన్యాసం అయ్యేసరికి భోజనం వేళ. మధ్యాహ్నం పత్ర సమర్పణలో మనిషికి అయిదేసి నిమిషాలు. ప్రశ్నలడగడానికి వ్యవధి ఉండదు, అడిగేవాడూ ఉండడు, ఎందుకంటే తన పత్రం చదివేసినవాడు సర్టిఫికెట్ వరసలో నిలబడ్డాడు. దీనికి అధ్యాపకుల్నే అనడం న్యాయం కాదు. 2010లో యూజీసీ నియమావళి పదోన్నతులకి పాయింట్ల పద్ధతి తెచ్చింది. సదస్సులో పత్రం చదివితే ఇన్ని పాయింట్లు అని లెక్క కట్టింది. ప్రశ్న అడిగినవాడికి మాత్రం ఒక్క పాయింటూ పెట్టలేదు. పాయింటు లేని పని ఎవరు చేస్తారు?

ఊళ్ళోకి వస్తే ఇంకో లోకం. గౌతమీ గ్రంథాలయంలోనో, టౌన్‌హాలులోనో, ఏ కళాశాల ఆవరణలోనో సాయంత్రం ఒక పుస్తకావిష్కరణో, భారత ప్రవచనమో, ఓ కవి జయంతో ఉంటుంది. రిటైరైన హెడ్మాస్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు వర్ధమాన కవులు. ముందు వరసలో పెద్దాయన ఒకరు ప్రసంగం మధ్యలోనే లేచి, “ఆయ్, అది ఆదిపర్వం కాదండి, సభాపర్వం” అని సరిచేసి కూర్చుంటారు. ఈ సభల్లో కుర్రవాళ్ళ తల కనిపించడం అరుదు. శ్రోతల సగటు వయసు అరవైకి దగ్గర పడుతోందని నిర్వాహకులే నవ్వుతూ ఒప్పుకుంటారు. అంటే కుర్రాళ్ళందరూ రాజానగరంలో ఉన్నారు, ప్రశ్నలన్నీ రాజమండ్రిలో ఉన్నాయి. మధ్యలో హైవే.

వీటిని కలపడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. నెలకొక ఉపన్యాసం ప్రాంగణంలో కాకుండా ఊళ్ళో, పగలు కాకుండా సాయంత్రం ఆరున్నరకి పెట్టుకోవచ్చు. శాలువాలు ఒకటికి తగ్గించి, మిగిలిన సమయం ప్రశ్నలకు వదలవచ్చు. పెద్దాయన సభాపర్వం అన్నప్పుడు నిజమో కాదో ఒక పీజీ విద్యార్థి అక్కడికక్కడే పుస్తకం తీసి చూడవచ్చు. వక్తలకి కొదవ లేదు, హాలూ ఉంది. చిక్కల్లా రవాణా దగ్గరే. పిల్లల్ని తెచ్చిన కాలేజీ బస్సు రాత్రి తొమ్మిదిదాకా ఊళ్ళో ఆగాలి, ఆడపిల్లల్ని హాస్టలు గేటు దగ్గర దించి రావాలి, ఆ డ్రైవరు అదనపు గంటల్ని ఏ పద్దు కింద రాయాలో ఎవరో ఒకరు ఫైలు మీద సంతకం పెట్టాలి.