వేపచెట్టు దాకా మనది

మా తాత ఇల్లు కొన్న దస్తావేజు 1964 నాటిది. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డముక్క అంటించి దాచింది మా అమ్మ. పైన 'కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా' అని ఉంటుంది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ దస్తావేజులో చెక్కుబందీ ఇలా రాసుంది: తూర్పు రస్తా, దక్షిణం పక్కవారి పశువుల కొట్టం, ఉత్తరం ఉమ్మడి గోడ, పడమర వేపచెట్టు. అడుగుల లెక్క ఎక్కడా లేదు. ఈ నాలుగు హద్దుల నడుమ ఉన్నది మూడంకణాల మట్టి మిద్దె, దాని వెనక దొడ్డి. అంతే.

వేపచెట్టు నేను బడికి పోయే రోజుల్లోనే గాలివానకు పడిపోయింది. కొట్టంలో గొడ్లు లేక ఇరవై ఏళ్ళయింది. ఉమ్మడి గోడ మాత్రం ఉంది.

మా మిద్దె గురించి రెండు మాటలు చెప్పాలి. మార్కాపురం పలకలంటే దేశమంతా తెలుసు. బడిపిల్లల పలకకు పనికిరాని రాతిముక్కలను బండ్ల మీద తోలుకొచ్చి, బురదతో పేర్చి గోడలు కట్టారు. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కంప, ఆకు, అన్నిటికీ పైన చవుడు. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు మీద కాలు పెట్టలేకపోయినా మిద్దె లోపల చాప వేసుకుని పడుకోవచ్చు. కానీ ఏటా తొలకరికి ముందు ఎవరో ఒకరు పైకెక్కి కొత్త చవుడు పోసి, తొక్కి, సర్దాలి. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయనే ఎక్కేవాడు. ఆ తర్వాత రెండు వానలకు దంతెలు నల్లబడ్డాయి, మూడో వానకు దేవుడి గూడు మీద కారింది. ఇక శ్లాబు వెయ్యక తప్పదనుకుని బ్యాంకుకు వెళ్ళాను. అక్కడ మొదటి ప్రశ్నే 'ప్లాను అప్రూవల్ ఉందా?' అని.

మా వీధిలో ఇల్లు కట్టుకున్నవాళ్ళెవరూ అప్పటిదాకా ప్లాను తీసుకోలేదు. ముహూర్తం చూసుకోవడం, మేస్త్రీని పిలవడం, ముగ్గు పోయించడం, ఇటు ఒకరినీ అటు ఒకరినీ నిలబెట్టి 'సరేనా?' అని అడగడం. అనుమతి అంటే అదే. పంచాయతీ అనుమతి లేకుండా ఊళ్ళో ఇల్లు కట్టకూడదన్న మాట 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. గ్రామ పంచాయతీల్లో లేఅవుట్లకు, భవనాలకు 2002లో ప్రత్యేకంగా నియమాలు కూడా వచ్చాయి. అవి ఉన్నాయని మాకు తెలిసింది మాత్రం అప్పు కావాల్సి వచ్చినప్పుడే.

పంచాయతీ కార్యదర్శి ఓపికగానే చెప్పాడు. దస్తావేజు, లింకు దస్తావేజు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రశీదు, లైసెన్సు ఉన్న ఇంజనీరు గీసిన ప్లాను, స్థలం ఫొటోలు. వినడానికి అరచేతిలో పట్టేంత జాబితా. అక్కడే చిక్కుపడింది. ఈసీ కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది, మా తాత కొన్నది అంతకు పంతొమ్మిదేళ్ళ ముందు. ఆ నడిమి కాలానికి పాత పుస్తకాలు తిప్పించాలి. పన్ను రశీదు ఉన్నంత మాత్రాన ఇల్లు నీదని కాదు, నువ్వు పన్ను కట్టావని మాత్రమే. ఊరి స్థలమంతా గ్రామకంఠం. రెవెన్యూ లెక్కల్లో ఊరంతటికీ కలిపి ఒకే నంబరు, లోపల ఎవరి గోడ ఎక్కడిదో గీత లేదు. చేనుకైతే అడంగల్ ఉంది, ఒకటి-బి ఉంది. పుట్టి పెరిగిన ఇంటికి ఏమీ లేదు. నాకిది కొత్తగా తెలిసి, ఆ పూటంతా మనసు బాగాలేదు.

అర్జీ పెట్టాక నాలుగు నెలలు తిరిగాను. ఒక కార్యాలయంలో ఇచ్చిన కాగితం మరో కార్యాలయంలో చెల్లలేదు. ఒకచోట తాత పేరులో ఒక అక్షరం తేడా ఉందన్నారు. నాకు నెల జీతం ఉంది కాబట్టి తిరగగలిగాను. వరసలో నా వెనక నిలబడ్డాయన హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తాడట. వానలు లేక మా మార్కాపురం వైపు పల్లెల నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు ఆ పనికి పోతాయో ఇక్కడివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊళ్ళో తన రేకుల ఇంటిని శ్లాబు చేసుకుందామని ఆయన మూడోసారి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ బస్సు చార్జీలు, పోయిన కూలి. 'పైపైన అంతస్తులెన్నో పోశాను సార్, ఏ ఒక్కరూ నన్ను కాగితం అడగలా' అన్నాడు. ఆ సాయంత్రం ఆయన చేతిలో సంచి పట్టుకుని గిద్దలూరు బస్సు కోసం పరిగెత్తడం ఇంకా కళ్ళముందే ఉంది.

అయినా ఆ అనుమతి కాగితం అవసరమనే నేనంటాను. ఎందుకో చెప్పాలంటే నాన్న చివరి రాత్రి సంగతి చెప్పాలి.

మా వీధి ఒకప్పుడు రెండెడ్ల బండి పోయే వీధి. ఇంటింటికీ అరుగు ఉంది. మొదట మట్టి అరుగు, తర్వాత నాపరాయి అరుగు, ఆ తర్వాత దానికి మెట్లు, మెట్ల పక్కన తులసికోట. ఎవరూ ఆక్రమిస్తున్నామని అనుకోలేదు. ఒక్కో తరం ఒక్కో జానెడు ముందుకు జరిగింది. నాన్నకు గుండెనొప్పి వచ్చినప్పుడు 108 బండి పెద్దరోడ్డు మీదికి తొందరగానే వచ్చింది. వీధిలోకి మాత్రం రాలేకపోయింది. మా మెట్లకూ ఎదురింటి అరుగుకూ మధ్య దానికి చోటు లేదు. నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురం మోసుకుపోయాం. రెండొందల గజాలు. బండి ఇంటిముందుకు వచ్చుంటే బతికేవాడా అంటే, డాక్టరు అలా ఏమీ చెప్పలేదు. నేను మాత్రం ఆ మెట్లను ఆ తర్వాత మామూలుగా చూడలేకపోయాను.

అందుకే ఇంజనీరు 'వీధి వైపు కొంత వదలాలండీ' అన్నప్పుడు నాకు కష్టంగా తోచలేదు. ఎంతైతే అంత వదలమన్నాను. అమ్మ ఏమీ అనలేదు, తలూపింది.

అసలు పని కొలతల రోజున జరిగింది. గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాక సర్వేయరు ఊరికి దగ్గరయ్యాడు. అంతకుముందు మండలానికంతా కలిపి ఉండే సర్వేయరు కోసం నెలలు ఎదురుచూసేవాళ్ళం. టేపు పట్టుకుని అతను అడిగిన మొదటి మాట: 'పడమర ఎంతదాకా మీది?' నేను దస్తావేజు చూపించాను. 'చెట్టేదీ?' అన్నాడు.

దక్షిణం ఇంటి పెద్దమ్మ అప్పటిదాకా మా అరుగు మీద కూర్చుని చూస్తోంది. ఎనభై దాటిన మనిషి. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ రోజూ సాయంత్రం ఆ అరుగు ఆమెదే. లేచి, చేతికర్ర ఊతంగా దొడ్డిలోకి నడిచింది. గచ్చు తొట్టికి ఆవల రెండడుగులు వేసి, కర్రతో నేల మీద కొట్టింది.

'ఇక్కడబ్బాయా. మీ అవ్వ ఈ చెట్టు కిందనే నాకు ముంత చల్ల పోసేది. యాపచెట్టు దాకా మీది, ఈడినుంచి మాది.'

అక్కడ మేస్త్రీ గడ్డపారతో తవ్వితే అడుగు లోతున పుచ్చిన వేరు మొద్దు కనబడింది. సర్వేయరు ఆ చోట సున్నం గుర్తు పెట్టాడు. పెద్దమ్మ కొడుకు, ఉత్తరం ఇంటి చిన్నాయన వచ్చి చూసి, అభ్యంతరం లేదని రాసి సంతకాలు చేశారు. అరవై ఏళ్ళుగా ఆమె తలలో మాత్రమే ఉన్న గీత ఆ రోజు కాగితం మీదికి దిగింది. ఆమె ఒక్క ఏడాది ముందు పోయినా ఆ గీత ఆమెతోనే పోయేది. తర్వాత తగాదాకు మిగిలేది మా పిల్లలూ వాళ్ళ పిల్లలూ.

2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో చేసేది కూడా ఇదే. ఊరివాళ్ళ ఎదుటే ఇళ్ళ హద్దుల వెంట సున్నం గీత వేస్తారు, పైనుంచి డ్రోను ఫొటో తీస్తుంది, దాన్నిబట్టి ఇంటింటికీ కార్డు ఇస్తారు. నా దృష్టిలో ప్లానుకు ముందు కావలసింది ఆ కార్డు. అది ఇంటింటికీ అందకుండా పేదవాణ్ణి లింకు దస్తావేజు తెమ్మనడం న్యాయం కాదు. కాగితం లేకపోవడం అతని తప్పు కాదు, ఊరిని ఒకే నంబరు కింద రాసి వదిలేసిన లెక్కలది. అర్జీ పెట్టినవాణ్ణి నాలుగుసార్లు తిప్పే బదులు, నెలకో రోజు సర్వేయరూ కార్యదర్శీ ఇంజనీరూ కలిసి రచ్చబండ దగ్గర కూర్చుంటే సగం పని అక్కడే తీరుతుంది. పెద్దమ్మ లాంటివాళ్ళు కార్యాలయానికి రాలేరు, రచ్చబండ దాకా రాగలరు. వాళ్ళుండగానే ఈ పని జరగాలి.

అనుమతి వచ్చింది. మిద్దె దించిన రోజు దూలాలు మాత్రం చెక్కుచెదరకుండా బయటికి వచ్చాయి, రెండు తలుపులు వాటితోనే చేయించాం. పాత మెట్లు, అరుగు తీసేసి పునాది మూడడుగులు వెనక్కి జరిపాం. ఆ సాయంత్రం పెద్దమ్మ కర్ర పట్టుకుని వచ్చి, అరుగు ఉండే చోట నిలబడింది.

'నేనింక యాడ కూసోవాలబ్బాయా?'

నా దగ్గర జవాబు లేదు. అమ్మ మేస్త్రీని పిలిచి ప్లాను కాగితం విప్పించింది. ముందు వరండాలో, వదిలిన మూడడుగుల గీతకు ఇవతల, గోడవారగా వేలుపెట్టి చూపింది. తీసేసిన అరుగు నాపరాళ్ళలో విరగనిది ఒకటి ఏరి అక్కడ పరిపించింది. రెండు రోజులు దాని మీద ఎవరూ కూర్చోకూడదని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. మర్నాడు పొద్దు వాలగానే పెద్దమ్మ వచ్చింది. చేత్తో రాయి మీద దుమ్ము తుడుచుకుని కూర్చుంది.