కోటలో కాలేజీ

విజయనగరం స్టేషన్‌లో దిగి, ఆటో ఎక్కి "కోటకి పోనీ" అన్నాను. "ఏ కాలేజీ బాబూ?" అన్నాడు ఆటో అబ్బాయి. రాజుగారి ఇంటికి దారి అడిగితే కాలేజీ పేరు అడుగుతున్నాడంటే ఆ ఇంటి కథ సగం చెప్పేసినట్టే.

మిగతా సగం నేను చెబుతాను, వినండి. ఇక్కడి రాజులైన పూసపాటివారి పాత మకాం కుమిలి. అక్కడి నుంచి వచ్చి 1713లో ఈ కోట మొదలుపెట్టారు. ఊళ్ళో ఎవరినడిగినా ఐదు విజయాల లెక్క చెబుతారు. ఏడాది విజయ నామ సంవత్సరం, తిథి విజయదశమి, వారం జయవారం, కట్టించినాయన విజయరామరాజు, ఊరు విజయనగరం. వారం సంగతి పెద్దల మాటకే వదిలేశాను గానీ, ఏడాది మాత్రం వేళ్ళమీద లెక్కేసి చూశాను. అరవయ్యేళ్ళకోసారి తిరిగొచ్చే ఆ విజయ, సరిగ్గా మూడు వందల ఏళ్ళకి, 2013లో మళ్ళీ వచ్చింది. లెక్క తప్పలేదు!

కోట చదరంగా ఉంటుంది. ఒక్కో వైపు 240 మీటర్లు, నాలుగు మూలలా రాతి బురుజులు. తూర్పు వాకిలి మీద నగారాఖానా. ఆ రాజస్థానీ పోకడ చూస్తే ఇది మన పెసరచేలూ తాటిచెట్ల మధ్యకెలా వచ్చిందా అనిపిస్తుంది. గోడ పక్కన నించుని తల పైకెత్తితే మెడ నొప్పెడుతుంది. ఎత్తు పది మీటర్లు. మందమైతే కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే.

ఇంత గోడ కట్టుకున్నా, రాజ్యం చేతులు మారింది గోడ దగ్గర కాదు. 1794లో పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు ఈస్టిండియా కుంపిణీ సేనల చేతిలో పడిపోయాడు. కొడుక్కి సంస్థానం తిరిగి దక్కింది గానీ, ఇక రాజు కాదు, కుంపిణీకి పేష్కష్ కట్టే జమీందారు. 1948 చట్టంతో ఆ జమీందారీ కూడా పోయింది. పదేళ్ళకి, 1958లో, ఆ వంశంవారే అయిన పి.వి.జి. రాజుగారు తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను చదువులకిచ్చేశారు. వాళ్ళ కోరుకొండ ప్యాలెస్‌దీ అదే దారి. 1962 నుంచి అది సైనిక్ స్కూలు. యుద్ధంలో పోగొట్టుకున్నదానికంటే దస్తావేజు మీద సంతకం పెట్టి ఇచ్చిందే ఎక్కువనిపిస్తుంది నాకు.

అలాగని ఇచ్చిందల్లా నిలబడిందా? దర్బారు జరిగిన మోతీమహల్‌ని 2020లో పడగొట్టారు. శిథిలమైపోయిందన్నారు ట్రస్టువారు. మరమ్మతు చేయొచ్చు కదా అని ఊరు గోలపెట్టింది. నేను ఊరి పక్షమే. పిల్లలు రోజూ మెట్లెక్కి దిగే గదికి సున్నం పడుతుంది, పెచ్చు ఊడితే ఎవరో ఒకరు చూస్తారు. తాళం వేసిన మహల్లో వాన కారుతుంటే చూసేదెవరు?

కోట ముందరి బొంకులదిబ్బ మాత్రం పోదులెండి. 'కన్యాశుల్కం' తెర లేచేది అక్కడే కదా. ఆ నాటకం రాసిన గురజాడవారి ఇల్లు కూడా దగ్గర్లోనే ఉంది, అది ఇప్పుడు స్మారక గ్రంథాలయం.

ఇక దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం రండి. ఆ రోజు కోటలో కాలేజీ మాటే ఎవరికీ గుర్తుండదు. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి నుంచి సిరిమాను అనే పొడవాటి మాను బయల్దేరుతుంది. ముందు బెస్తవారి వల, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు. మాను కొసన వేలాడే పీటమీద పూజారి. జనం అరటిపళ్ళు విసురుతుంటారు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగాలి మాను. కోట దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఆగుతుంది. బురుజు మీద కూర్చున్న పూసపాటివారు లేచి, తమ ఇంటి ఆడపడుచు పైడితల్లికి దణ్ణం పెడతారు.