పెట్టెలో సత్యవేడు స్టేషన్

మాధవరం బస్టాండ్‌లో సత్యవేడు బస్సు ఎక్కుతుంటే కండక్టరన్న నా చేతిలోని అట్టపెట్టె చూసి ఆపాడు.

"ఏముంది తమ్ముడూ దాంట్లో?"

"రైల్వే స్టేషన్ అన్నా."

"ఏ ఊరిది?"

"సత్యవేడుదే."

ఒక్క క్షణం నా మొహం చూసి గట్టిగా నవ్వేశాడు. "అయితే ఒళ్లోనే పెట్టుకో. కింద పెడితే ఎవరన్నా తొక్కేస్తారు. వచ్చిన ఒక్క స్టేషనూ పోతుంది" అన్నాడు.

ఆ జోకు మా ఊరోళ్లకి బాగా అర్థమవుతుంది. మాకు రైలు లేదు. తమిళనాడు బోర్డర్‌ని ఆనుకుని ఉంటాం. 2022 దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. జిల్లా మారింది గానీ, రైలు ఎక్కాలంటే మాత్రం ఇప్పటికీ తడకో గుమ్మిడిపూండికో, లేదంటే ఇటు పుత్తూరుకో పోవాల్సిందే.

ఇక పెట్టె సంగతి. నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. నెలకో ఆదివారం ఒక మోడల్ రైల్వే గ్రూపుకి వెళ్తాను. పెద్ద క్లబ్బేమీ కాదు, పన్నెండు మందిమి. ఒక మెంబరు ఇంటి మేడ మీద గది, నాలుగు మడత టేబుళ్లు, రెండు ఫ్యాన్లు. బండి నడిచేటప్పుడు ఆ ఫ్యాన్లు కూడా ఆపేస్తాం, లేకపోతే చెట్లు ఎగిరిపోతాయి. రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, అందరం సిగ్నల్ సార్ అంటాం. పెట్టెలకి రంగులేసే పంటి డాక్టరొకరు, ఇంజిన్ బాడీలు త్రీడీ ప్రింట్ తీసే కాలేజీ కుర్రాడొకడు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు కలిసిపోయిన భాష మాది.

మొదటిరోజు నేనేదో ఇంజిన్ తోలేద్దామని వెళ్లాను. నా చేతికో గుడ్డముక్క, ఆల్కహాల్ సీసా ఇచ్చారు. పట్టాలు తుడవమన్నారు. ఎనిమిది నెలలు అదే పని! చిన్న బండికి కరెంటు పట్టాల్లోంచే రావాలి. చక్రాలు దాన్ని అందుకుని మోటారుకి ఇస్తాయి. పట్టా మీద వేలిముద్రంత జిడ్డున్నా చాలు, ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. అందుకే కొత్తోళ్లకి తుడిచే డ్యూటీ. మా ఆఫీసులో ఫ్రెషర్లకి పాత బగ్గులు అంటగట్టినట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ ఒక్కటి గమనించాను. సిగ్నల్ సార్ కూడా వచ్చిన ప్రతిసారీ ముందు తన వంతు పట్టాలు తుడిచాకే కుర్చీలో కూర్చుంటారు.

మా స్కేల్ ఎన్. అంటే అసలు రైలులో 160వ వంతు. పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. జపాన్‌లో పుట్టిన టీ-ట్రాక్ అనే పద్ధతి పాటిస్తాం. ఒక్కొక్కరం 308 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న బోర్డు చేసుకోవాలి. దాని మీద రెండు లైన్లు, వాటి మధ్య సరిగ్గా 33 మిల్లీమీటర్లు. ఈ లెక్క తప్పకూడదు. చివర్లు పక్కోడి బోర్డుకి క్లిప్పులా పట్టేస్తే చాలు, లోపల ఏం కట్టుకుంటావో నీ ఇష్టం. మా భాషలో చెప్పాలంటే పక్కా ఏపీఐ. ఆదివారం అందరి బోర్డులూ కలిపితే అరకు సొరంగంలోంచి బయటపడ్డ బండి నేరుగా పాంబన్ వంతెన ఎక్కేస్తుంది. పాంబన్ దిగగానే డాక్టరుగారి తాతల ఊరి చెరువుగట్టు. ఏ ఎక్స్‌ప్రెస్సూ పోని రూటు అది.

నిజానికి ఈ పిచ్చికీ మా వృత్తికీ పాత చుట్టరికమే ఉంది. అమెరికాలో ఎంఐటీ స్టూడెంట్లు 1946లో ఒక మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పెట్టారు. పైన ఊళ్లు, కొండలు కట్టేవాళ్లు కొందరైతే, టేబుల్ కింద దూరి పాత టెలిఫోన్ రిలేలతో సిగ్నళ్లు నడిపేవాళ్లు ఇంకొందరు. మనం రోజూ వాడే 'హ్యాక్' అన్న మాట కంప్యూటర్లకి అంటుకున్నది ఆ కింద దూరినోళ్ల వల్లే. 1962లో వచ్చిన 'స్పేస్‌వార్' అనే కంప్యూటర్ గేమ్ రాసిన స్టీవ్ రసెల్ కూడా ఆ క్లబ్బువాడే. ఇది చెప్తే మా టీమ్ లీడ్ నమ్మలేదు, గూగుల్ చేసి చూసుకున్నాడు.

మా గ్రూపులో సిగ్నల్ సార్ పెట్టిన రూలు ఒకటుంది: ఉన్నదే చెయ్యాలి. ఫొటో తియ్యి, టేపుతో కొలువు, 160తో భాగించు, చెయ్యి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 160తో భాగిస్తే దాదాపు పదిన్నర రావాలి, మా పట్టా 9. ఈ ఒకటిన్నర మిల్లీమీటరు మీద మూడు ఆదివారాలు గొడవ జరిగింది. చివరికి తేలిందేమంటే, మెట్రో రైలు చేస్తే లెక్క అచ్చంగా సరిపోతుంది. చెన్నై మెట్రోది 1435 మిల్లీమీటర్ల గేజ్ మరి.

ఆ మాట విని నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే చెన్నై మెట్రో బళ్లలో ఎక్కువ భాగం తయారైంది మా పక్కనే. శ్రీసిటీ ఉన్నది సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లోనే. అక్కడి ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీ నుంచి సిడ్నీకి కూడా మెట్రో రైళ్లు పోయాయి. పొడుగాటి ట్రెయిలర్ మీద, టార్పాలిన్ కప్పుకుని పోయే పెట్టెను నేనూ చూశాను. మా ఊళ్లో రైలు అంటే లారీ ఎక్కి పోయేది.

పుత్తూరు నుంచి అత్తిపట్టు దాకా 88 కిలోమీటర్ల కొత్త లైను 2008-09లో మంజూరైంది. మా వైపు వస్తుందని ఊరంతా ఒకటే మాట. నేనప్పుడు స్కూల్లో ఉన్నా. నాన్న బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపు నడిపేవాడు. ఇదిగో ఇక్కడే స్టేషన్ అని ఒక బ్రోకర్ చూపిస్తే, ఊరి బయట పది సెంట్లు కొన్నాడు. లైను ఇంకా పడలేదు. మా మేనమామలు ఏ పెళ్లిలో కలిసినా "బావా, బండి లేటా?" అని అడుగుతారు. నాన్న నవ్వేస్తాడు. నాకు మాత్రం అలా నవ్వడం చూస్తే కడుపులో ఏదోలా ఉండేది.

అందుకే నా బోర్డు మీద సత్యవేడు స్టేషన్ కట్టాను, ఆ పది సెంట్లలోనే. పసుపుపచ్చ బోర్డు మీద నల్లక్షరాలతో మూడు భాషల్లో ఊరి పేరు. మా పొలం ఎర్రమట్టి తెప్పించి, అమ్మ టీ జల్లెడలో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటించాను. సిగ్నల్ సార్ కళ్లజోడు పైకి తోసి చూశారు.

"ఇది ఉందా?"

"లేదు సార్. శాంక్షన్ అయ్యింది."

"308 ఇంటూ 160. 49 మీటర్లు. రెండు పెట్టెలు పట్టే స్టేషన్, అదీ లేని స్టేషన్" అన్నారు. ఇంకేం అనలేదు. బోర్డు పక్కన పెట్టేశారు. ఆ రోజు నా బోర్డు లేకుండానే బండి తిరిగింది. చెప్పడానికి చిన్న విషయమే గానీ, మెట్లు దిగుతుంటే మళ్లీ రాకూడదు అనుకున్నాను.

అదే ఆ పెట్టె. కవరపేట్టై దగ్గర హైవే వదిలి బస్సు లోపలి రోడ్డెక్కినప్పటి నుంచి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నా. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పెట్టి, రెండు వైపులా పట్టాలు తగిలించి, చిన్న ఇంజిన్ ఒకటి నడిపాను. అమ్మ "బొమ్మకొలువు మాదిరి ఉండాది" అంది. నాన్న చాలాసేపు వంగి చూశాడు.

"ఇది యాడరా?"

"మన పది సెంట్లే నాన్నా."

"మరి బావి యాడబోయింది?"

బావి నిజంగా ఉంది. స్టేషన్ బిల్డింగుకి అడ్డమొస్తుందని నేనే తీసేశాను.

"ఆ బావి ఉండబట్టే గదరా కొన్నింది" అన్నాడు నాన్న. "స్టేషన్ మాట బ్రోకర్ చెప్పినాడు. నేను చూసింది నీళ్లు." కాసేపాగి మళ్లీ తనే అన్నాడు: "దుడ్లు మాత్రం స్టేషన్‌కే ఇచ్చినాలే."

ఇన్నేళ్లూ మా నాన్న మోసపోయాడనే అనుకున్నా. ఒక్కసారైనా అడగలేదు.

పొద్దున్నే ఇద్దరం స్కూటర్ మీద టేపు పట్టుకుని వెళ్లాం. ఆ కొస ఆయన పట్టుకున్నాడు. బావి అడ్డం 12 అడుగులు. 160తో భాగిస్తే 23 మిల్లీమీటర్లు, అంటే పాత ఐదు రూపాయల బిళ్లంత. లోతు దగ్గర చిక్కొచ్చింది. 40 అడుగులని నాన్న లెక్క, అంటే ఏడున్నర సెంటీమీటర్లు కావాలి. నా బోర్డు ఎత్తే ఏడు. "కొంచెం పూడిపోయిందనుకో" అన్నాడు. పక్కన చింతచెట్టు, గట్టు మీద పగిలిన సిమెంటు తొట్టి, రోడ్డుకి పోయే దారి, అన్నీ కొలిచాం. ఆ తొట్టి చెయ్యడం మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పాడు.

స్టేషన్ బిల్డింగుని ఇంకా గట్టిగా అంటించలేదు కాబట్టి సులభంగానే ఊడొచ్చింది. ఆ మట్టి మీదే బావి తవ్వాను. అడుగున నల్లరంగు వేసి, పైన వార్నిష్ పోస్తే నీళ్లలాగే మెరిసింది. రెండు లైన్లు మాత్రం ఉండాల్సిందే. అవి లేకపోతే అటూ ఇటూ బోర్డులు కలవవు.

తర్వాతి ఆదివారం ముందు నా వంతు పట్టాలు తుడిచి, బోర్డు టేబుల్ మీద పెట్టాను. సిగ్నల్ సార్ వంగారు.

"స్టేషన్ ఏమైంది?"

"తీసేశాను సార్. ఇది మా నాన్న స్థలం. బావి ఉంది, కొలిచాం."

జేబులోంచి స్కేలు తీసి బావి మీద పెట్టి చూశారు. తర్వాత ఆయన వేలు బావి పక్క నుంచి రోడ్డుకి పోయే దారి వెంట జరిగి, పట్టాల దగ్గర ఆగింది.

"ఈ దారి లైను దాటుతోంది కదప్పా. గేటు ఏదీ?"

"గేటు... లేదు సార్."

"లైనంటూ పెట్టావు, దారి దాటించావు, గేటు పెట్టకుండా ఎట్లా? మీ నాన్న స్కూటర్ మీద వస్తాడు కదా. వచ్చే నెలకి గేటుతో రా" అని, అరకుకీ పాంబన్‌కీ మధ్య నా బోర్డు పెట్టి, క్లిప్పులు ఆయనే నొక్కారు. డాక్టరుగారు లేచి ఫ్యాన్లు ఆపారు.