కొండ కింది సంఘం

ఒంగోలు, 2025 జనవరి 1, బుధవారం

రాత్రి వాచ్ నైట్ ఆరాధన. షామియానా కింద కూడా జనమే. పన్నెండు కొట్టగానే కేకు, బాణసంచా, ఆ తరవాత బైబిలు వాక్యాలున్న వాగ్దానపు కార్డుల బుట్ట. నా ముందున్న పిల్ల తీసిన కార్డు చదువుకుని, మొహం చిన్నబుచ్చుకుని మళ్లీ బుట్టలో వేసేసింది. "మంచిది వచ్చేదాకా తియ్యవే" అంది వాళ్లమ్మ. కనిపెట్టుకుని ఉండమన్న వాక్యం వద్దట. దేవుడి మాటను అలా ఏరుకోవచ్చని పిల్లలకు నేర్పింది పెద్దవాళ్లమే.

1854లో ఇదే రోజు తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు మా ఊరి కొండెక్కి ప్రార్థన చేశారు. ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అంతకు ముందు ఏడాదే అమెరికాలో పెద్దలు చర్చించుకున్నారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని కొండెక్కిన వీళ్ల మొర. ఆ సేవకుడిగా క్లౌ దొర ఇక్కడ కాపురం పెట్టింది 1866లో. మధ్యలో ఆ పన్నెండేళ్లూ వాళ్లు ఎలా కనిపెట్టుకుని ఉన్నారో!

జనవరి 5, ఆదివారం

సంస్కార ఆదివారం. మా బాప్టిస్టులకు ప్రార్థన పుస్తకం లేదు. లూథరన్లు, సీఎస్ఐ వాళ్లు చూసి చదువుతారు, మనది ఆత్మతో చేసే ఆరాధన అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అయినా పెద్దాయన ప్రార్థనలో తరవాత రాబోయే మాట ఏదో పిల్లలకు కూడా తెలుసు. మూడో పాటకు చేతులెత్తమంటారు, ఎత్తుతాం. మా లూథరన్ పిన్ని సంగతి వేరు. బాబాయి పోయిన రాత్రి ఎవరికీ నోరు పెగల్లేదు. ఆవిడే ఆ పుస్తకం తెరిచి ఒక్కో మాట దగ్గరా ఆగుతూ చదివింది. అంత ప్రార్థన నేను ఈమధ్య ఎక్కడా వినలేదు.

ఈరోజు ప్రభువు బల్ల సంస్కారానికి ముందే చందా బాకీల జాబితా మైకులో చదివారు. మా వీధి చివర అత్త పేరు కూడా వచ్చింది. రొట్టె పళ్లెం ఆమె చేతికొచ్చింది. తీసుకోకుండా పక్కనామెకు అందించింది. ద్రాక్షరసం గిన్నెలప్పుడూ అంతే. నాకు రొట్టె గొంతు దిగలేదు.

జనవరి 8, బుధవారం

తెల్లారకముందే అత్త ఇంటికి వెళ్లాను. మా వీధి ఆడవాళ్లు నలుగురైదుగురు పనికి పోయేముందు అక్కడ మోకరిస్తారు. పాత క్యాలెండర్ కాగితం వెనక పేర్లు రాసుకున్నారు: డయాలసిస్‌లో ఉన్నాయన, తాగుడు మానలేని కొడుకు, పరీక్ష ఫీజు కట్టలేని పిల్ల. ఒక్కో పేరు మీద వేలు పెట్టి అడుగుతారు. ఆదివారం బాకీల జాబితా చదివిన కార్యదర్శి గారి అబ్బాయి పేరూ అందులో ఉంది, ఉద్యోగం కోసం.

"ఆదివారం ఎందుకు తీసుకోలేదత్తా?" అన్నాను.

"పొగాకు గ్రేడింగ్ పనులు ఇంకా మొదలవలేదు కదమ్మా. బాకీ పెట్టుకుని ప్రభువు బల్ల ముట్టుకుంటే బాగోదు."

ఆ మాట నన్ను వదలడం లేదు.

జనవరి 10, శుక్రవారం

అత్త మాటకు క్లౌ దొర కరువునాటి కథ గుర్తొచ్చింది. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డారు. ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ నీళ్లలో దిగకూడదని కరువు సాయం ముగిసేదాకా ఆపేశాడు. ఆ తరవాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఆ అంకెను మేం ప్రతి సభలోనూ గొప్పగా చెప్పుకుంటాం, ఆపిన నెలల మాట మాత్రం ఎత్తం. నాకు ఆ నెలల్లోనే సంఘం ప్రాణం కనిపిస్తుంది. గింజల వల్ల ఎవరూ లోపలికి రాకూడదని ఆయన కాపలా కాశాడు. డబ్బు లేదని మనిషి బల్లకు దూరమవుతుంటే మేం చూస్తూ కూర్చున్నాం.

జనవరి 12, ఆదివారం

ఆరాధన అయ్యాక డీకన్లతో మాట్లాడాను. చందా వద్దనడం లేదు, గుడి నడవాలి. సంస్కారానికి ముందు ఆ పేర్లు చదవొద్దు, అత్త దగ్గరికి పాస్టర్ గారే వెళ్లి బల్లకు రమ్మని పిలవాలి అన్నాను. బైలాలో ఉందని ఒకాయన అన్నారు. ఇంకొకాయన తలొంచుకుని, తన తల్లి పేరు కూడా ఒకప్పుడు అలాగే చదివారని చెప్పారు. ఫిబ్రవరి 2 సంస్కారంలోపే కమిటీ కూర్చోవాలని అడిగితే కాగితం మీద పెట్టమన్నారు. రాత్రికి రాసి, ఆ రెండో ఆయన చేత మొదటి సంతకం పెట్టిస్తాను.