రేగడిలో ఇనుపశకటము

ట్యాంకనగానే మనకు మేడమీది నీళ్ళతొట్టి తోచును. ఇందు మన తప్పు లేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులు ఈ యుద్ధశకటమును రహస్యముగా నిర్మించుచు, పనివారితో ఇవి నీళ్ళతొట్లని చెప్పిరి. ఆ మాటయే దానికి పేరై నిలిచినది. అట్టి శకటపు నమూనాను మా అక్కగారి కుమారుడు విజయవాడలో చేయుచున్నాడని విని, మార్గశిరమాసమున చూడబోతిమి.

విజయవాడయనగా మనకు కనకదుర్గమ్మ కొండయు, కృష్ణ స్నానఘట్టములును జ్ఞప్తికి వచ్చును. ఆటోనగరు వేరొక విజయవాడ. అచట వీధివీధియు సుత్తిదెబ్బలతో మ్రోగుచుండును. ఒకచోట లారీలకు బాడీలు కట్టుచుందురు. ఒకచోట గేరుపెట్టెలు విప్పుచుందురు. పాతయినుము ఈ సీమలో వృథాపోదు. తెనాలిలో కాటూరి వేంకటేశ్వరరావుగారును, వారి కుమారుడు రవిచంద్రగారును 2021లో 14 అడుగుల విగ్రహమును పాతయినుముతోనే చేసిరి.

మావాడు ఒక షెడ్డులో మూలను అద్దెకు తీసికొనినాడు. చెన్నై చేరువనున్న ఆవడిలో 1965 నుండి తయారైన ‘విజయంత’ ట్యాంకును ఆరవవంతు కొలతతో చేసినాడు. నిడివి నాలుగడుగులకు పైమాట. బరువు 90 కిలోలు. కుడిగొలుసునకొక మోటారు, ఎడమగొలుసునకొక మోటారు. ఒక గొలుసు నాపి రెండవదానిని నడపినచో బండి తిరుగును. చేతిలోని పెట్టెనుండి రేడియోతరంగములు ఆజ్ఞను కొనిపోవును. ఫిరంగి మాత్రము ఉత్తగొట్టమే.

ఆ గొట్టమే అక్కగారికి కంటగింపు. ఆమె బావగారు 1971 నాటి యుద్ధమునుండి తిరిగి రాలేదు. నాటినుండి ఆ యింట పిల్లలకు తుపాకి బొమ్మయైనను కొనరు. “రెండేండ్ల జీతము పోసి చంపెడు యంత్రమును చేసినాడే!” యని మాతో కంట నీరు పెట్టుకొనినది.

మరునాడు ట్రాలీఆటోలో దానిని కంకిపాడు దాటిన పిమ్మటనున్న వారి పొలమునకు కొనిపోయిరి. అక్కగారిని మేమే బలవంతపెట్టి వెంటబెట్టుకొనిపోతిమి. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తియైన తరువాత ఈ నేల బంగారము పండినది. కాని తడిసిన రేగడిలో చక్రములబండి దిగబడును. ఆనాడు వాన వెలిసియుండెను. మా పాదములు చీలమండలవరకు దిగినవి. శకటము మాత్రము తేలినట్లే సాగినది! బరువు రెండు గొలుసులమీద పరచుకొనుటచే చదరపు సెంటీమీటరునకు 65 గ్రాములే పడునట. నిలుచున్న మన అరికాళ్ళ క్రింద సుమారు 200 గ్రాములు పడును.

మలుపున గొలుసు ఊడినది. ప్రక్కచేలో వరి కోయుచున్న చైనుమిషను డ్రైవరు దిగివచ్చి, బురదలో మోకరిల్లి, “ముందుచక్రం జరిపి బిగించాలి బాబూ, మా మిషనూ ఇంతే” యని పానా అందుకొనినాడు.

అప్పుడు మావాడు చెప్పినాడు. కాలిఫోర్నియాలోని స్టాక్టనుకూడ నదులు చేర్చిన మెత్తని నేలయే. చక్రముల ట్రాక్టర్లు అచట దిగబడుచుండగా, బెంజమిన్ హోల్టు 1904లో చక్రములు తీసి పట్టాలగొలుసు తగిలించెను. అట్టి ట్రాక్టర్లను గూర్చి తెలిసికొనిన ఆంగ్లసైనికాధికారికి యుద్ధశకటపు టూహ తోచినది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ రణభూమిలో ట్యాంకు మొదట దిగినది.

అక్కగారు కోతమిషను గొలుసును, కొడుకు చేసినదాని గొలుసును మార్చి మార్చి చూచినది. “అయితే ఇది మొదట రైతుదా?” యని అడిగి, కొంతసేపటికి, “ఆ గొట్టము తీసి తొట్టి కట్టరా. తడిసిన మడిలోనుండి వడ్లమూట గట్టునకు చేర్చనీ” యన్నది.

మావాడు మాటాడలేదు. ఫిరంగికై రెండు నెలలు శ్రమపడినాడు. ప్రొద్దుగ్రుంకువేళకు దానిని ఊడదీసి, గుడ్డలో చుట్టి, అటకమీద పెట్టినాడు. పారవేయలేదు. అక్కగారును పారవేయుమనలేదు. మేము బయలుదేరు ఉదయమున శకటము పాతికకిలోల మూటతో మడి దాటుచుండగా, ఆమె గట్టుమీద నిలిచి, “మెల్లగా, మెల్లగా” యని దానినే హెచ్చరించుచుండెను.